మబ్బు రోజు రేటు

ఫిబ్రవరి 24

ఉదయ్ దిగాడు. బాబాయి కొడుకు. హైదరాబాద్‌లో ఉద్యోగం పీకేశారు, పైకి మాత్రం బ్రేక్ తీసుకున్నానని చెబుతున్నాడు. చేతిలో పలకంత గేమ్ మెషిన్. అన్నం తినేటప్పుడు కూడా కింద పెట్టడు. అందులో వీడికి పద్నాలుగు ఊళ్లున్నాయట, ఓడలున్నాయట, గోడౌన్లున్నాయట. ఇక్కడ టూత్‌బ్రష్ కూడా తెచ్చుకోలేదు. నేనే కొనిచ్చాను.

ఫిబ్రవరి 27

నాన్నకి మోకాలి ఆపరేషన్ డేట్ ఇచ్చారు. ఇక షాపులో కూర్చోలేడట. ఉగాది రోజు తాళాలు మా ఇద్దరిలో ఒకరికి ఇస్తాడట.

ఇద్దరేమిటి? నరసరావుపేటలో ఆరేళ్లుగా ఆ కౌంటర్ వెనక నిలబడి టార్పాలిన్ పట్టలు, గోతాలు, తాళ్లు అమ్ముతున్నది నేను. లోడు దిగితే లెక్క చూసుకునేది నేను. ఉదయ్‌కి బిజినెస్ బుర్ర ఉందట. ఎట్లా తెలిసింది నాన్నా అంటే, గేమ్‌లో ప్రాఫిట్ గ్రాఫ్ చూపించాడే, నిలువునా పైకి పోయింది అన్నాడు. ముప్పై ఏళ్లు వ్యాపారం చేసిన శ్రీనివాసరావు గారు బొమ్మల గ్రాఫ్ చూసి పడిపోయారు. ఛీ.

మార్చి 3

ఉదయ్ స్నానానికి పోతే మెషిన్ తీసి ఆడి చూశాను.

ఇదా స్ట్రాటజీ? ఒక ఊళ్లో ఉప్పు చవగ్గా కొను, ఇంకో ఊళ్లో కరువు రాగానే రేటు పెంచి అమ్ము. జనం మొహాలు ఎర్రబడతాయి. సీజన్ మారగానే మూడ్ మళ్లీ ఫుల్ అవుతుంది, నవ్వుకుంటూ వచ్చి మన దగ్గరే కొంటారు. ఒక్కడికీ ఏదీ గుర్తుండదు. అరువడిగేవాడు లేడు. పిల్ల పెళ్లికి పిలిచేవాడు లేడు. పోయినసారి తాడు తెగిందని పోట్లాటకొచ్చేవాడు లేడు. ఇట్లాంటి జనమైతే మా వీధి కుక్క కూడా షాపు నడుపుతుంది.

మార్చి 4

మళ్లీ ఆడాను. రెండు గంటలు. వాడి రేవు కంటే నా రేవు పెద్దది.

మార్చి 9

కాలేషా మామ వచ్చాడు. శావల్యాపురం దగ్గర మూడెకరాలు కౌలుకి చేస్తాడు, మిర్చి. నేను పుట్టకముందు నుంచీ మా దగ్గరే కొంటాడు. గోతాలు ఇరవై పక్కన పెట్టమని చెప్పాడు. ఈ కుర్రోడెవరమ్మాయ్, అంత పెద్ద ఫోనేంది అని అడిగాడు. ఉదయ్ తలెత్తలేదు. కూర్చోమని కూడా అనలేదు.

మామ వెళ్లాక ఉదయ్‌కి షాపు పద్ధతి చెప్పాను. మబ్బు పట్టిన రోజు ఇక్కడ బేరం ఉండదు. కల్లాల్లో ఎర్రగా కాయ ఆరబోసి ఉంటుంది, చినుకు పడేలోపు కప్పాలి. రైతు పరిగెత్తుకొస్తాడు, రేటు అడగడు, మనం చెప్పం. పట్టలు తీసుకుని పోతాడు. కాయ అమ్మాక వచ్చి మామూలు రేటుకే ఇస్తాడు. తాతప్పటి నుంచీ అంతే.

డిమాండ్ పీక్‌లో ఉన్నప్పుడు ఫ్రీగా పంచేవాళ్లని ఇక్కడే చూస్తన్నానక్కా అన్నాడు. నాన్న పకపకా నవ్వాడు. వాడిని చూసి కాదు.

మార్చి 16

రేపటి నుంచి వారం ఉదయ్ గల్లా దగ్గర కూర్చుంటాడట. ఆ పై వారం నేనట. ట్రయల్. నాకు ట్రయల్!

మార్చి 21, సాయంత్రం

నాన్న టెస్టులకని గుంటూరు వెళ్లాడు. పొద్దున పదింటికి ఆకాశం నల్లగా దిగింది. అరగంటలో షాపు ముందు బళ్లు ఆగాయి. ఉదయ్ అట్టముక్క మీద కొత్త రేటు రాసి తగిలించాడు. డబుల్. క్యాష్ మాత్రమే.

చూశాను. ఒరేయ్, ఆ అట్ట పీకెయ్ అంటే చాలు. వినకపోతే నేనే పీకొచ్చు. పీకలేదు. తగిలించుకోనీ, మునగనీ, ఉగాదికి తాళాలు ఎవరికొస్తాయో చూద్దాం అనుకున్నాను. వాడి మెషిన్ కౌంటర్ మీద ఉంది. తీసుకుని స్టూల్ మీద కూర్చుని ఆడాను. నిజంగా ఆడాను.

కాలేషా మామ రొప్పుకుంటూ వచ్చాడు. కాయంతా కల్లంలోనే ఉందమ్మాయ్, నాలుగు పట్టలియ్యి అన్నాడు. ఉదయ్ అట్ట చూపించాడు. మామ దాన్ని చదివాడు, జేబు తడుముకున్నాడు, నా వైపు చూశాడు. నేను తలెత్తలేదు. స్క్రీన్ మీద ఏముందో నాకు కనబడనే లేదు. ఆయన బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

పన్నెండుకల్లా స్టాక్ అయిపోయింది. ఉదయ్ ఈల వేశాడు. ఫోన్లో నాన్న శభాష్ అన్నాడట.

ఇప్పుడు కుండపోతగా కురుస్తోంది.

మార్చి 22

ఇంకా పడుతోంది.

మార్చి 25

గోతాల సీజన్. నిన్న రెండు బేరాలు, ఇవాళ ఒకటి. మామ చెప్పిన ఇరవై గోతాలు మూలనే ఉన్నాయి.

మూడ్ రికవర్ కావడానికి టైం పడుతుంది, ఏదైనా ఆఫర్ పెడదాం అంటాడు ఉదయ్. ఎవరి మూడ్ రా, సన్నాసీ!

నాన్న బజార్లో అంతా విని వచ్చాడు. వాణ్ణి ఏమీ అనలేదు. నువ్వేడున్నావే అప్పుడు అని నన్ను అడిగాడు. షాపులోనే అన్నాను. అటు తిరిగి పడుకున్నాడు.

మార్చి 27

కొత్త లోడు రాగానే ఆరు పట్టలు ఆటోలో వేసుకుని శావల్యాపురం వెళ్లాను. మామ భార్య మెహరున్నీసా అత్త వాకిట్లో కాయ ఏరుతోంది. తడిసి రంగు పోయిన తాలు కాయ ఒక పక్క, మంచిది ఒక పక్క. తాలు కుప్పే పెద్దది.

మంచినీళ్లిచ్చింది. పట్టలు దించబోతే, ఎండ కాస్తంది గదమ్మా, ఇప్పుడేం కప్పుతాం అంది. కోపంగా కూడా అనలేదు. మామ ఏడీ అంటే పొలం పోయాడంది. మామ బండి గోడ పక్కనే ఉంది. గోతాలు వేరే షాపులో చెప్పామంది. పట్టలు మళ్లీ ఆటోలోకి ఎక్కించాను. ఆటో డ్రైవర్ కూడా నా మొహం చూడలేదు.

ఉదయ్ తెలియక చేశాడు. నేను తెలిసి కూర్చున్నాను. వాడి కంటే నేనే పెద్ద వెధవని. చానా పెద్ద వెధవని.

మార్చి 30, ఉగాది

ఉదయ్ మొన్న బస్సెక్కాడు. తాళాలు నాకు ఇచ్చాడు నాన్న. చేతిలో పెట్టలేదు. టేబుల్ మీద పెట్టి, తీస్కో అన్నాడు.

గెలిచాను.

ఏప్రిల్ 6

మబ్బు పట్టింది. ఏడింటికే షాపు తీసి పట్టలన్నీ మెట్ల మీద పేర్చాను. తొమ్మిదింటికి కాలేషా మామ బండి మా షాపు ముందు నుంచే వెళ్లింది. వెనక నాలుగు కొత్త పట్టలు కట్టి ఉన్నాయి.