‘లా’ అను గుర్తు విషయమై

గాజువాక,
తేది 9-7-1984.

పరీక్షల విభాగపు ప్రాంతీయాధికారి గారి సముఖమునకు,
విశాఖపట్నం.

అయ్యా,

విషయం: పదో తరగతి లెక్కల రెండో పేపరులో ప్రతి లెక్క మొదట గుర్తు పెట్టినదన్న అనుమానంతో మా అమ్మాయి కర్రి గౌరీశ్వరి ఫలితం నిలిపివేసినందున, ఆ పేపరును సోపానాలవారీగా మళ్ళీ చూచి, అది గుర్తు కాదని తేల్చమని కోరుట గురించి.

నేను ఓడరేవులో టాలీ గుమాస్తాను. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టి చీటీ మీద గీతలు పెట్టడం నా పని. లెక్కపెట్టేవాడిని ఎవరూ నమ్మరు. అందుకని అవే బస్తాలను ఓడవైపు ఒకరు, గట్టువైపు ఒకరు లెక్కపెడతాము. సాయంత్రం రెండు చీటీలూ కలిస్తేనే సంతకం. ఈ అర్జీ నా వైపు చీటీ. తమ వైపు చీటీ తమ బీరువాలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడమనే నా మనవి.

గడువు సంగతి ముందే చెప్పుకుంటాను. మా భూమి కర్మాగారం కిందికి పోయినందుకు ఇచ్చిన నిర్వాసితుల కార్డు మీద ఇంటికి ఒకరికి శిక్షణలో సీటు ఉంది. నాకు వయసు దాటిపోయింది. ఇంట్లో మా అమ్మాయి తప్ప చదువుకున్నవారు లేరు. ఆమె డ్రాఫ్ట్స్‌మన్ శిక్షణ కోరుకుంది. పదో తరగతి మార్కుల జాబితా జతచేసి ఈ నెల 23వ తేదీ సోమవారం సాయంత్రం అయిదు లోపల దరఖాస్తు ఇవ్వాలి. ఆ తర్వాత కార్డు ఉంటుంది, సీటు ఉండదు.

ఇక నా ఇబ్బందులు వరుసగా మనవి చేసుకుంటున్నాను.

లా. ఫలితాలు వచ్చిన రోజు పత్రికలో మా అమ్మాయి నంబరుకు ముందు నంబరు ఉంది, తర్వాత నంబరు ఉంది. మధ్యది లేదు. అచ్చుతప్పేమోనని ఇంకో రెండు పత్రికలు చూశాను. వాటిలోనూ అదే నంబరు లేదు. మూడు అచ్చుకూటాల్లో తప్పు ఒకే చోట పడదు. పాఠశాలకు వెళితే గోడ మీద చిన్న కాగితం అంటించి ఉంది. అందులో ఒక్కటే నంబరు, పక్కన ‘నిలిపివేయబడినది’ అని. ఎందుకని అడిగితే ప్రధానోపాధ్యాయుల వారు పైనుంచి వచ్చిందన్నారు. పైనుంచి అంటే ఎవరని అడిగాను. పైనుంచే అన్నారు. ఏ పేపరు అని అడిగితే మాత్రం లెక్కల రెండోది అని గొంతు తగ్గించి చెప్పారు. గొంతు ఎందుకు తగ్గించారో నాకు ఇప్పటికీ తెలియదు.

2. లెక్కలు చేతకాక ఎక్కడో చూసి రాసిందేమోనని మొదట మా అమ్మాయినే అనుమానించాను. మద్దిలపాలెం జంక్షనులో ఒక షాపులో ఈ సంవత్సరం పేపరుకు సోపానాలతో సహా జవాబులు, ఏ సోపానానికి ఎంత మార్కు అన్న పంపకం వేసిన చిన్న పుస్తకం కొన్నాను. ఆదివారం ఉదయం మా అమ్మాయిని కూర్చోబెట్టి అదే ప్రశ్నపత్రం మళ్ళీ రాయమన్నాను. సొంత కూతురే అయినా పుస్తకం నా పీట కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాను. రెండున్నర గంటలు కదలలేదు. ఆమె రాసిన తొమ్మిది లెక్కలు నేనే దిద్దాను. అనుమానం ఉన్న చోటల్లా మార్కు కోశాను. అయినా యాభైకి ముప్పై ఆరు వచ్చాయి. పాసుకు పద్దెనిమిది చాలు.

ఆ పుస్తకంలో ఒకచోట అయిదు మార్కుల లెక్కకు సోపానాల మార్కులు కూడితే ఆరు అయ్యాయి. ఇది తమ తప్పు అనడం లేదు. అచ్చువేసిన పంపకాన్ని కూడా కూడి చూసుకోవలసిన కాలం అని మాత్రమే చెబుతున్నాను.

ఒక లెక్క గురించి విడిగా చెప్పాలి. ఏడు సెంటీమీటర్ల వ్యాసార్థం, పది సెంటీమీటర్ల ఎత్తు గల గుండ్రటి డబ్బాతో నీళ్ళు పోసి, ముప్పై అయిదు సెంటీమీటర్ల వ్యాసార్థం, నలభై సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టిని నింపాలి. ఎన్నిసార్లు పోయాలి? ఇదీ ప్రశ్న. పుస్తకంలో అయిదు సోపానాలు ఉన్నాయి. సూత్రానికి ఒక మార్కు. డబ్బా ఘనపరిమాణానికి ఒకటి. తొట్టి ఘనపరిమాణానికి ఒకటి. భాగహారానికి ఒకటి. జవాబుకు ఒకటి. మా అమ్మాయి మూడే రాసింది: వెడల్పు అయిదింతలు కనుక అడుగు ఇరవై అయిదింతలు, ఎత్తు నాలుగింతలు, కనుక నూరుసార్లు. పుస్తకంలో ఇరవైరెండు బై ఏడు రెండుసార్లు రాసి రెండుసార్లు కొట్టేశారు. ఆమె రాయనూ లేదు, కొట్టేయనూ లేదు. జవాబు రెండు చోట్లా నూరే. మధ్యలో సోపానాలు లేవు కాబట్టి జవాబు పక్కవాళ్ళది చూసి వేసిందని ఎవరైనా అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను, నా ఎదుటే చేసేదాకా. ఆ లెక్కకు అయిదుకు మూడే వేశాను.

ఆ కాగితాలు రెండుసార్లు మొదటినుంచి చివరిదాకా చదివాను. నాకు గుర్తు ఏదీ కనబడలేదు. ఈ మాట తమరు గమనించాలి.

3. తర్వాత సెలవు పెట్టి తమ కార్యాలయానికి వచ్చాను. మూడో గదిలో అర్జునరావు గారనే గుమాస్తా కాగితాలు తిరగేసి నన్ను కిందనుంచి పైదాకా చూశారు.

“ఏటి బాబూ, మీ పాప లెక్కలు సేసిందా, ఎవులికైనా ఉత్తరం రాసిందా?”

“లెక్కలేనండీ.”

“మరి పెతీ లెక్క నెత్తి మీదా ‘లా’ అని ఎవుల్ని పిలుత్తంది? తొమ్మిది లెక్కలు, తొమ్మిది ‘లా’లు. నానే లెక్కెట్టాను.”

నేను ఆయన చేతిలోని కాగితాల్లోకి తొంగి చూశాను. ఆయన దానికి కూడా అర్థం తీసుకున్నట్టున్నారు.

“దిద్దినోళ్ళలో లాలం వారింటి మాస్టారొకాయన ఉన్నారు. మీకేటవుతారు?”

“ఏటీ అవరండి. మా ఇంటిపేరు కర్రి.”

“అందరూ అలాగే అంతారు బాబూ. బావలూ తమ్ముళ్ళూ అని మా టేబులు కాడ ఎవులైనా ఒప్పుకుంతారేటి?”

ఆ మాస్టారు ఎవరో నాకు తెలియదు. వెళ్ళి, అయ్యా మీకూ మాకూ ఏమీ కాదని రాసివ్వండి అని అడుగుదామనుకున్నాను. వెళితే అదే సంబంధం అంటారని మానుకున్నాను.

జవాబు పుస్తకం అట్ట మీద, దేవుళ్ళ పేర్లు, సంతకాలు, గుర్తులు రాయరాదని అచ్చువేసి ఉన్నట్టు అర్జునరావు గారు చూపించారు. చదివాను. న్యాయమైన నియమమే. ఓడరేవులో బస్తాల మీద సుద్దతో గీసే గుర్తులు చూసిన వాడిని, గుర్తుతో ఏమేమి చేయవచ్చో నాకు తెలుసు.

4. ఇంటికి వచ్చి మా అమ్మాయిని నిలబెట్టి అడిగాను.

“లా అని ఎవరికోసం రాశావే?”

“ఎక్కడ నాన్నా?”

ఆదివారం రాసిన కాగితాలు తెచ్చి ఎదుట పెట్టాను. అప్పుడు చూస్తే తొమ్మిది చోట్లా ఉంది. సోపానాలకు లా, 2, 3 అని నంబర్లు వేసింది. ఆమె కాగితం దగ్గరగా పెట్టుకొని చూసి, “నాను రాసినట్టు నాకే తెల్దు” అంది. నేను నమ్మలేదు. గట్టిగా అడిగాను. వంటింట్లోంచి మా అమ్మ రామలక్ష్మమ్మ వచ్చింది.

“ఏట్రా దాన్నలా గదమాయిత్తన్నావు?”

“లెక్కలో ఒకటి అని రాయాల్సిన చోట లా అని రాసిందమ్మా.”

“లాభం అని కదేటి? మరి మొదటిదానికి ఏటంతార్రా, ఒకటంతారా? నోరు కడుక్కో.”

సంగతి ఇది. మా ఊళ్ళో కళ్ళంలో ధాన్యం కుంచంతో కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అనరు. లాభం అంటారు. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు. శుభమని అలా మొదలుపెడతారు. ఈ జిల్లాలో ధాన్యం కొలిచిన ఇల్లు ఏదైనా అడగండి. మా అమ్మాయికి అంకెలు నేర్పింది బడి కాదు, మా అమ్మ. కళ్ళంలో పక్కన కూర్చోబెట్టుకొని, పోసిన కుంచం పోసినట్టు నోటితో అనిపిస్తూ నేర్పింది. పిల్లకు ఎనిమిదో ఏట భూమి పోయింది. కళ్ళం లేదు, కుంచం మంచం కింద ఉంది. మా అమ్మ ఇప్పుడు కుళాయి దగ్గర బిందెలు లెక్కపెడుతుంది: లాభం, రెండు, మూడు. నిర్వాసితుల కాలనీలో ఇదేం లెక్క అని ఎవరూ అడగరు, అందరూ అలాగే లెక్కపెడతారు.

నేను ఓడరేవుకు వచ్చాక ఆ అలవాటు మానేశాను. జెట్టీ మీద గీతలే గాని మాటలు లేవు.

5. మా అమ్మాయికి లెక్కలు చెప్పే శ్రీరామ్మూర్తి మాస్టారి మీద ఫిర్యాదు రాసి జేబులో పెట్టుకొని తగరపువలస వెళ్ళాను. ఆయన అక్కడినుంచే బడికి వస్తారు. మా అమ్మాయి ఆయన దగ్గర ట్యూషను చదవలేదు. మూడేళ్ళు ఆమె పేపర్లు దిద్దినవారు ఈ ‘లా’ చూడకుండా ఉండరు. చూసి కూడా చెప్పలేదంటే ఎందుకు చెప్పలేదు? తమకు ఈ సంగతి చేరవేసింది కూడా ఆయనేనేమో అని నా అనుమానం.

ఆయన నేను చెప్పిందంతా విని, “పిల్లలు శ్రీ అని పెడతారు, ఓం అని పెడతారు. ఇదీ అలాంటిదే అనుకున్నాను నీలకంఠం గారూ. మార్కు వేసేది సోపానానికి, దాని నంబరుకు కాదు గదా” అన్నారు. పబ్లిక్ పరీక్షలో పెట్టకూడదని చెప్పవద్దా అంటే, “చెప్పవలసింది. తోచలేదు” అన్నారు. తర్వాత స్టూలు వేసుకొని అటక ఎక్కి, దుమ్ము పట్టిన కాగితాల కట్ట ఒకటి దింపి, అందులోంచి మా అమ్మాయి మూడు జవాబు కాగితాలు తీసి ఇచ్చారు. ఎనిమిదో తరగతి మూడు నెలల పరీక్షది ఒకటి, తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షది ఒకటి, ఈ జనవరిది ఒకటి. మూడింటి మీదా బడి ముద్ర, తేదీ ఉన్నాయి. మూడింటిలోనూ ‘లా’ ఉంది. ఎనిమిదో తరగతిలో ‘లాభం’ అని పూర్తిగా ఉంది. పై తరగతుల్లో టైము చాలక కుదించినట్టుంది.

ఇన్నాళ్ళు ఎందుకు దాచారని అడిగాను. పారేయడానికి బద్ధకం అన్నారు. నమ్మాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేదు. కాగితాలు మాత్రం నమ్మదగినవి. ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్ల, రెండేళ్ళ తర్వాత తన పేపరు ఏ మాస్టారి చేతికి వెళుతుందో తెలుసుకొని అప్పటినుంచే గుర్తు పెట్టుకుంటూ రాలేదు. మూడు కాగితాలూ జతచేశాను. ఆయన మీద రాసిన ఫిర్యాదు జతచేయలేదు, చింపనూ లేదు.

6. మా అమ్మాయిని తమ ఎదుట కూర్చోబెట్టి ఒక లెక్క చేయించి చూడమని అడుగుదామని ముందు అనుకున్నాను. ఆలోచిస్తే దానివల్ల ఉపయోగం లేదు. ఇప్పుడు ఆమెకు సంగతి తెలిసిపోయింది. ఒకటి అని వేస్తే, దొరికింది కనుక జాగ్రత్తపడింది అంటారు. లా అని వేస్తే, చూశారా అంటారు. ఈ వారం రోజులనుంచి ఆమె కాగితం మీద పెన్సిలు పెట్టి ఏమీ రాయకుండా తీసేస్తున్నది. నిన్న రేషను సంచులు లెక్కపెట్టమంటే, నువ్వే లెక్కపెట్టుకో నాన్నా అంది. బడి పరీక్షలో లెక్కల్లో తొంభై రెండు తెచ్చుకున్న పిల్ల నాలుగు సంచులు లెక్కపెట్టడానికి భయపడుతున్నది అయ్యా. ఇది ఏ సోపానం కింద ఎన్ని మార్కులకు వస్తుందో నాకు తెలియదు.

కాబట్టి మా అమ్మను పిలిపించండి. ఆమెకు చదువు రాదు. ఈ గొడవ చెప్పినా ఆమెకు ఎక్కదు. తమరు ఒక మాట కూడా ముందు చెప్పకుండా ఆమె ఎదుట ఏదైనా పోసి కొలవమనండి. కొలిచేందుకు కార్యాలయంలో ఏమీ లేకపోతే కుర్చీలు లెక్కపెట్టమనండి. మొదటి కుర్చీకి ఏమంటుందో తమ చెవులతోనే వినండి. నన్ను బయట నిలబెట్టినా సరే, తలుపు వేసినా సరే.

సోపానాలు తక్కువైన లెక్కకు నియమం ప్రకారం మార్కులు కోయవలసి ఉంటే కోయండి. నాకు అభ్యంతరం లేదు, నేనూ కోశాను. నంబరు తప్పు వేసినందుకు తొమ్మిది లెక్కలకూ తలా ఒక మార్కు తీసేసినా ఆమె పాసవుతుంది. మార్కులు తగ్గించండి, అనుమానం తీసేయండి. 23వ తేదీ లోపల జాబితా చేతికి ఇప్పించండి. ఈ అర్జీ అందినట్టు తేదీ వేసి రసీదు కూడా ఇప్పించవలెను. నోటిమాటగా అందింది అంటే నేను గుమ్మం దగ్గరనుంచి కదలనని ముందుగానే మనవి.

రెండు వైపుల చీటీలూ పక్కపక్కన పెట్టుకొని, తీరికగా, ఒక్కసారి చిత్తగించవలెను.

లెక్క కలిసేవరకు
తమ విధేయుడు,
కర్రి నీలకంఠం,
టాలీ గుమాస్తా.

జతపరచినవి: జవాబు కాగితాలు మూడు. ఆదివారం నా ఎదుట రాసినవి తొమ్మిది లెక్కలు. నిర్వాసితుల కార్డు నకలు ఒకటి.

తా.క. చిత్తు రాసుకొని, దాన్ని శుభ్రమైన కాగితం మీదికి ఎక్కించి, స్టాంపు అంటించి, సంతకం పెట్టాక తప్పులు చూడమని మా అమ్మాయికి ఇచ్చాను. ఆమె చదివి, కాగితం తిప్పి నా ముందు పెట్టి, నా ఇబ్బందుల్లో మొదటిదాని పక్కన వేలు ఉంచింది.

“ఇదేటి నాన్నా?”

చూశాను. 2 ఉంది, 3 ఉంది, 6 వరకు ఉన్నాయి. 1 లేదు. చిత్తుకాగితం తీసి చూస్తే అందులోనూ లేదు. ఓడరేవుకు వచ్చాక ఆ అలవాటు మానేశానని పైన రాసిన మాట తప్పు. దాన్ని అబద్ధం కింద కాక తెలియనితనం కింద జమకట్టుకోమని మనవి.

కొట్టేసి 1 వేస్తే దిద్దుబాటు అంటారు కనుక ఉన్నది ఉన్నట్టే పంపుతున్నాను. మా అమ్మను పిలిపించే శ్రమ కూడా తమకు ఇక ఉండకపోవచ్చు. ఇది కూడా ఎవరికో పెట్టిన గుర్తే అంటారేమోనని, ఈ అర్జీ ఇచ్చే ముందు తమ గది గుమ్మం మీది బోర్డు చదివాను. తమ పేరు గాని ఇంటిపేరు గాని ఆ అక్షరంతో మొదలు కాదు.