అరగ్లాసు నీళ్లు

రేపల్లె,
6-12-1987.

చిరంజీవి తమ్ముడు రాజారత్నానికి పెద్దక్క దీవెనలు. దేవుని కృపవల్ల ఇక్కడ అందరం క్షేమం. ఖరగ్‌పూర్ చలిలో నీ ఒంట్లో కులాసా అని తలుస్తాను. నా మోకాళ్ల సంగతి అడిగావు. మోకరించగలుగుతున్నాను, చాలు.

మీ అమ్మాయి సారా పటిక రాయి పెరుగుతోందా అనీ అడిగావు. దానికి కాస్త వెనక్కి వెళ్లాలి.

నవంబరు నాలుగో తేదీ ఉదయం. ప్రార్థన ముగించి, పాలు కాచి, కిటికీలోని మనీప్లాంటు సీసాలో నీళ్లు పోశాను. పక్కనే సారా బడి ప్రదర్శనకని పటిక రాయి పెంచుతున్న సీసా. బాపట్లలో మీ ఇల్లు పట్టాల పక్కనే గనుక, రైలు అదురుకు కదులుతుందని నా దగ్గర పెట్టింది. ముట్టుకోనని మాటిచ్చాను. పటిక కరిగించిన నీళ్లలో దారానికి వేలాడుతూ ఉసిరికాయంత రాయి, నున్నటి ముఖాలు, వాడి మూలలు. నీళ్లు తగ్గినట్టున్నాయి. గ్లాసులో మిగిలిన సగం అందులో పోసి, మూతికి గుడ్డ కట్టేశాను.

మూడోనాటికి ఆ కొత్త నీళ్లకు రాయి కరిగి, మూలలు నానిన సబ్బులా అరిగిపోయాయి. ఎవరికీ చెప్పలేదు. రోజూ ప్రార్థించాను. పోసిన నీళ్లు ఆవిరయ్యేకొద్దీ, నెల తిరిగేసరికి, అవే మూలలు మళ్లీ వచ్చాయి.

నిన్న సారా, మరదలు వచ్చారు. గురువారం తెనాలిలో సైన్సు ప్రదర్శన. పిల్ల రాయిని వెలుగుకు పట్టింది.

"అత్తా, లోపల ఈ పొగగీత ఏంటి? ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరు ముట్టుకుంటారే" అన్నాను.

అది అబద్ధం, తమ్ముడూ. సాయంత్రం కుటుంబ ప్రార్థనకు మోకరిస్తే ఆ అబద్ధమే గుర్తొచ్చింది. లేచి చెప్పేశాను.

"మనీప్లాంటు అనుకున్నావా అత్తా!" పిల్ల కళ్లలో నీళ్లు. కొంగుతో తుడవబోతే తనే తుడుచుకుంది. తర్వాత వంటింట్లోంచి నిమ్మకాయలు తెచ్చి, తెనాలి బజారులో బత్తాయిలు పేర్చినట్టు పళ్లెంలో పేర్చింది.

"చూడు, వరస మీద వరస పేరిస్తే కోణం దానంతటదే వచ్చింది. మనం చెక్కామా? పటిక లోపల కణాలూ ఇంతే. కరిగినవి తిరిగొచ్చి తమ వరసలోనే కూర్చున్నాయి. నువ్వు ప్రార్థించకపోయినా వచ్చేవి."

"ఆ వరస పెట్టినాయన్నే అడిగానులే" అన్నాను. అప్పుడు నవ్వింది.

"ఆ గీత ఎవరికి కనపడుతుంది, ఊరుకోండి వదినా" అంది మరదలు.

"అదే చూపిస్తానమ్మా" అంది సారా.

చివరికి అందరం కలిసి అనుకున్నది ఇది. రాయి ఉన్నది ఉన్నట్టే వెళుతుంది. గీత ఎక్కడుందో చూపిస్తూ పక్కన చీటీ పెడతారు: 'ఇంతవరకు కరిగింది. ఇక్కడినుంచి మళ్లీ పెరిగింది.' తెనాలికి నేనూ వెళ్లి బల్ల పక్కన నిలబడాలి. ఎందుకు కరిగిందని ఎవరైనా అడిగితే, "నీళ్లు పోసింది నేనేనండి, అరగ్లాసు" అని చెప్పడం నా వంతు.

ఇట్లు,
నీ పెద్దక్క
అన్నమ్మ