రెండో చరణం

ప్రియమైన పిచ్చుకకు,

నీ పాట ఫోనుకు చేరింది. షిఫ్టు దిగి, చేతులకంటిన నూనె కూడా కడుక్కోకుండా విన్నాను. నాతో గదిలో ఉండే వెల్డరు తన ఇయర్‌ఫోన్స్ ఇచ్చాడు. అవి ఒకవైపు పలికితే రెండోవైపు అలిగే రకం.

కోప్పడనంటే ఒక మాట చెబుతాను. పాట దుప్పటి ముసుగేసుకుని పాడినట్టుంది. నీ గొంతు ఉందని తెలుస్తోంది గానీ మాటలు అందడం లేదు. తాళాల చప్పుడు అసలే లేదు. ఫోనులో పంపడానికి పాటను నలిపి చిన్నది చేస్తారని నువ్వే ఓసారి అన్నావు. అలా నలిపినప్పుడే పోయిందా, లేక ఈ ఇయర్‌ఫోన్స్ పాపమా? హెడ్‌ఫోన్స్ కొట్లో పనిచేసేదానివి, నువ్వే తేల్చు. నలిగిన పాటకు మంచి హెడ్‌ఫోన్స్ పెట్టడం చిరిగిన చొక్కాకు ఇస్త్రీ చేయడం లాంటిదైతే ఆ ఖర్చు మనకొద్దు.

జవాబు ఉత్తరంలోనే రాయి. ఫోను చేయకు. రేకులు వంచే ఈ ప్రెస్సు మిషన్ల మధ్య సిగ్నల్ సరిగా ఉండదని అమ్మకు కూడా చెప్పు. నేను పలకకపోతే ఊరికే కంగారుపడుతుంది.

నీ రేకుల నాన్న


ప్రియమైన నాన్నకు,

సిగ్నల్ మాట చెబితే అమ్మ మూతి విరిచింది. "పెళ్లయిన నాటి నుంచీ నేను మాట్లాడితే మీ నాన్నకు సిగ్నల్ ఉండదు" అంది.

నువ్వడిగిన దాని మీద మా కొట్లో రోజూ కొట్లాటే. పాటను చిన్నది చేసేటప్పుడు మనిషి చెవి పెద్దగా పట్టించుకోని చప్పుళ్లనే తీసేస్తారు. మరీ నలిపేస్తే తప్ప తేడా దొరకదు. ఒకే పాటను పూర్తిగా ఒకసారి, నలిపి ఒకసారి వినిపిస్తే, తమ చెవులంతటి చెవుల్లేవని బడాయిలు పోయే కస్టమర్లు కూడా తడబడతారు. అదే నాసిరకం ఇయర్‌ఫోన్స్ తీసి మంచి హెడ్‌ఫోన్స్ పెడితే, పాటలంటే గిట్టనివాడు కూడా తలెత్తి చూస్తాడు. కాబట్టి నీ చొక్కా చిరగలేదు నాన్నా. ఇస్త్రీపెట్టెలోనే ఉంది లోపం.

మా దగ్గరి మంచి జత ఒకటి పంపుతున్నాను. మా ఓనరుకో చాదస్తం ఉంది. కొత్త హెడ్‌ఫోన్స్‌లో రోజంతా ఉత్త హోరు మోగిస్తేనే అవి మెత్తబడతాయంటాడు. ఆ తంతు అయ్యాక, హోరు మోగించిన చిన్న ప్లేయర్‌లోనే నా పాట ఏమాత్రం నలపకుండా ఎక్కించి, రెండూ కలిపి పార్సిల్ చేస్తాను.

ఇది నేను సొంతంగా కట్టిన మొదటి పాట. త్వరలో ఇక్కడి పాటల బృందం ముందు హాల్లో పాడాలి. బాగుంటే ఆ బృందంవాళ్లు నన్ను చేర్చుకుంటారు. రెండో చరణంలో గొంతు పైకి లేచేచోట శ్రుతి తప్పుతోందేమోనని నా అనుమానం. ఇక్కడ ఎవరినడిగినా బాగుందనేవాళ్లే. చిన్నప్పుడు నేను పక్కగదిలో పాడుతుంటే, శ్రుతి తప్పగానే గోడ మీద టకటకా కొట్టేవాడివి గుర్తుందా? ఇప్పుడూ ఆ పనే చెయ్యి. నువ్వు బాగుందంటే అలాగే పాడతాను, లేదంటే అక్కడ మార్చేస్తాను. మొహమాటపడకు.

నీ పిచ్చుక


ప్రియమైన పిచ్చుకకు,

పార్సిల్ అందింది. హెడ్‌ఫోన్స్ తలకు తగిలించుకుంటే వెల్డరు ఒకటే నవ్వు, విమానం తోలేవాడిలా ఉన్నానట.

ఏం చెప్పమంటావు తల్లీ. ప్రతి మాటా విడివిడిగా, ఎదురుగా కూర్చుని పాడినట్టే వినపడింది. రెండో చరణంలో నువ్వు గొంతెత్తినప్పుడు కళ్లు చెమర్చాయి. శ్రుతి ఇసుమంత కూడా తప్పలేదు. ఎవరేమన్నా ఆ చోటు ముట్టుకోకు, అలాగే పాడు. గోడ మీద కొట్టే పని పడలేదు నాకు.

మంచి హెడ్‌ఫోన్స్ దండగ కాదని మీ ఓనరుకు నా మాటగా చెప్పు. అతని చాదస్తం కూడా పనిచేసినట్టే ఉంది.

నీ రేకుల నాన్న


నాన్నకు,

హాల్లో పాడాను. రెండో చరణంలో శ్రుతి తప్పింది. ముందువరసలో వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కిందికి దిగాక బృందం పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి, "అక్కడ తప్పుతోందని నీకెవరూ చెప్పలేదామ్మా?" అంది. మెత్తగానే అడిగింది. చేర్చుకోలేమన్న మాట కూడా మెత్తగానే చెప్పింది.

నీ మీద ఒళ్లు మండిపోయింది. కూతురన్న ముద్దుకొద్దీ అబద్ధం రాశావనుకున్నాను. ఇవాళ కొట్లో కంప్యూటర్ తెరిస్తే నా పాట అందులోనే ఉంది. ప్లేయర్‌లోకి ఎక్కించడం మరిచిపోయాను. నీకు పంపిన దాంట్లో ఉన్నది, హెడ్‌ఫోన్స్‌ను మెత్తబరిచే ఆ హోరు ఒక్కటే. మొదటి నుంచి చివరిదాకా హోరే. అందులో మాటల్లేవు, చరణాల్లేవు.

ఏం విన్నావు నాన్నా?

వెంటనే నీకు ఫోను చేశాను. వెల్డరు బాబాయి ఎత్తాడు. నువ్వు పక్కనే, అటు తిరిగి కూర్చున్నావట. మూడుసార్లు పిలిచినా పలకలేదట. సిగ్నల్ మాత్రం బాగానే ఉంది.

పిచ్చుక


ప్రియమైన పిచ్చుకకు,

ఆ హోరే విన్నాను. అది నాదే అనుకున్నాను.

నా చెవుల్లో ఎప్పుడూ ఒక హోరు ఉంటుంది. ప్రెస్సు ఆగినా అది ఆగదు. నీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అది కాస్త పెరిగినట్టు తోచింది, అంతే. నీ పాట దాని వెనకాల ఎక్కడో ఉందని, నాకే అందడం లేదని, సాయంత్రమంతా కూర్చుని వెతికాను. ఓసారి విని చూడమని వెల్డరుకు ఇవ్వచ్చు. ఇస్తే నా సంగతి బయటపడుతుందని భయపడ్డాను. ప్రెస్సు కిందికి దిగే ముందు మోగే బెల్లు వినపడనివాణ్ణి దాని దగ్గర ఉంచరు. పక్కవాడు చెయ్యి తీస్తే నేనూ తీస్తూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను.

నీ పాటలో తాళాలు లేవని రాశాను కదా. ఉన్నాయట. ఆ అలిగే ఇయర్‌ఫోన్స్‌లోనే ఖంగుమని మోగుతున్నాయని వెల్డరు ఇప్పుడు చెప్పాడు. చొక్కా చిరగలేదు, ఇస్త్రీపెట్టెలోనూ లోపం లేదు. తొడుక్కునేవాడే లేడు.

నీ ఉత్తరం చూశాక డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన చెప్పింది నాకు అర్థం కాక, కాగితం మీద రాసిచ్చాడు. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు కొంత అందుతాయట. పాటల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దన్నాడు.

బాగుందని ఎందుకు రాశానంటే, బాగానే ఉంటుందని నమ్మాను తల్లీ. నువ్వు నన్ను నమ్మి అంతమంది ముందు నిలబడ్డావు. గోడ మీద కొట్టాల్సినవాడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. దీనికి నీ దగ్గర క్షమాపణ అడిగే మొహం కూడా లేదు నాకు.

హెడ్‌ఫోన్స్ తిరిగి పంపుతున్నాను. చెవులున్న వాళ్లెవరికైనా అమ్మండి.

పాత పాటలు నాకింకా వినపడతాయి. చిన్నప్పుడు నువ్వు పాడినవి, మీ అమ్మ వంటింట్లో కూనిరాగం తీసినవి, తలుచుకుంటే చాలు, లోపల వాటంతటవే మోగుతాయి. నీ పాట మాటలు కాగితం మీద రాసి పంపు, చదువుకుంటాను. కానీ అది కొత్త పాట కదమ్మా. దాని రాగం నాకు తెలియదు.

రేకుల నాన్న