తిన్నారా? పైకి రండి

ఏమండీ, వందనాలు.

మీరు ప్రభువు దగ్గరికి వెళ్లి ఏడాది దాటింది. ఇన్నాళ్లూ రాయలేదు... ఏడుస్తూ రాయడం నాకు చేతకాదు. ఇప్పుడు కోపం వచ్చింది, అందుకే కలం పట్టాను. కోపంలో నేను మాట తడుముకోనని మీకు తెలుసు కదా?

మన ఇల్లు పోతోంది. యజమాని ముసలాయన చనిపోయాక ఆయన కొడుకులు ఈ వరసంతా అమ్మేశారు. కొన్నవాళ్లు ఆరేడు ఇళ్లు కలిపి హోటల్ చేస్తారట. వచ్చే నెలలో తాళాలు ఇచ్చేయాలి. బైబిల్లో నాబోతు ద్రాక్షతోట మీద కన్నేసిన అహాబు రాజుకైనా ఎదురుగా వచ్చి అడిగే మర్యాద ఉంది. వీళ్లు తలుపు సందులోంచి కాగితం తోసి వెళ్లిపోయారు.

మీ మీద కూడా కోపమే. దాచడం ఎందుకు?

ఈ పరాయి దేశం వచ్చి, సెరంగూన్ రోడ్డు వెనక ఈ సందులోకి మనం వచ్చినప్పుడు దీన్ని ఎవరు ముట్టుకున్నారండీ? కింద కొట్టు, పైన కాపురం, మధ్యలో కిర్రుమనే చెక్క మెట్లు. వానొస్తే బకెట్లు పెట్టుకుని వంట చేసేదాన్ని. మన అమ్మాయి గ్రేసి దూరాన హౌగాంగ్‌లో ఫ్లాటు తీసుకుని, లిఫ్టు ఉందమ్మా రండి అని బతిమాలింది. మీరు కదిలారా? "రూతూ, ప్రభువు మనకి మేడగది ఇచ్చాడు. మనం హౌగాంగ్ వెళ్లిపోతే ఆదివారం సెలవున ఈ రోడ్డున తిరిగే మన తెలుగు కుర్రాళ్లు ఎక్కడికెళ్తారు?" అన్నారు. అంతే, నా నోరు మూయించారు. నా నోరు మూయించగలిగింది మీరొక్కరే.

ఇప్పుడు ఈ సందు అందరికీ ముద్దొచ్చింది. కిటికీలకు లేత పచ్చ, గులాబీ రంగులు. పైకి మెరిసే సున్నం కొట్టిన సమాధుల గురించి నేను ఎన్ని ఆదివారాలు వాక్యం చెప్పానో, వాటి మధ్యే కాపురం ఉన్నాను. కిటికీలోంచి బయటికి చాపిన కర్ర మీద నా చీర ఆరేస్తే కింద నిలబడి ఫోటోలు తీస్తారు. బట్టలు ఆరేయడం కూడా చరిత్రేనా? పక్కన కాఫీ కొట్టు పెట్టినామెకి మాత్రం మన వాళ్ల చెప్పులు చరిత్ర కాదు, చెత్త. ప్రార్థనకొచ్చి వరండాలో చెప్పులు విడుస్తున్నారని అక్కడ పూలకుండీలు వరసగా పెట్టించింది. ఇప్పుడు షిప్‌యార్డు కుర్రాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కుతున్నారు. దేవుని మందిరానికి వస్తున్నారా, దొంగతనానికా?

అసలు సంగతికి వస్తాను.

బయటి గోడ మీద, రెండు కిటికీల మధ్య మీరు రాసిన అక్షరాలు గుర్తున్నాయా? న్యాయతీర్పు గురించి ఒక వాక్యం రాయండి, దారిన పోయేవాడు ఉలిక్కిపడాలి అని నేను పోరాను. మీరు ఓడలకు తుప్పు పట్టకుండా వేసే ఆ ఎర్ర పెయింటు కొని తెచ్చుకుని, కిటికీలోంచి సగం బయటికి వంగి, గుండ్రంగా మీ దస్తూరీలో రాశారు: "మేడగదిలో ప్రార్థన. తిన్నారా? పైకి రండి."

నేను ఎంత తిట్టాను! ఇది దేవుని ఇల్లా, భోజన హోటలా అన్నాను. "వాక్యం నువ్వు పైన చెబుతావుగా. కింద అన్నం సంగతి చెబితేనే మెట్లెక్కుతారు" అన్నారు, బ్రష్షు తుడుచుకుంటూ.

మొన్న కొత్త యజమానుల పనివాళ్లు గోడ గీకడానికి వచ్చారు. పై రంగులన్నీ ఊడాయి, మీ అక్షరాలు ఊడలేదు. షిప్‌యార్డు పెయింటరు చెయ్యి మరి! వాళ్ల ఇంజనీరు వచ్చి అద్దాలు సవరించుకుని చూసి, ఇది పాతకాలం నాటిది, దీన్ని ముట్టుకోవద్దు అన్నాడట. మీ ఎరుపు వెలిసి ఇటుక రంగుకి తిరగడం చూసి మోసపోయాడు. దానికి అద్దం బిగించి, పైన లైటు పెడతారట!

అక్కడితో ఆగితే బాగుండేది. పాత ఇళ్లు చూపించడానికి జనాన్ని వెంటేసుకుని తిరిగే గైడు ఒకడున్నాడు. వాడు మన గోడ కింద నిలబెట్టి, ఇది వంద ఏళ్ల కిందటి తెలుగు నూనె వ్యాపారి బోర్డు అని చెబుతున్నాడు. నూనె వ్యాపారి! నా భర్త! నేను కిటికీలోంచి విని, చేతిలో గరిటెతోనే కిందికి దిగాను. అది నా భర్త రాసింది, ఆయన ఓడలకు రంగులేసేవాడు, ప్రార్థనకు పిలుస్తున్నాడు అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. వాడు, థాంక్యూ ఆంటీ, వెరీ నైస్ స్టోరీ అని నవ్వాడు. తర్వాతి గుంపుకి మళ్లీ నూనె వ్యాపారే.

బెల్షస్సరు విందులో గోడ మీద రాత కనబడితే ఆ రాజు జ్ఞానుల్లో చదవగలిగినవాడు ఒక్కడూ లేకపోయాడు. కానీ ఆ రాజుకి కనీసం భయం వేసిందండీ. వీళ్లకి అది కూడా లేదు.

ఆ సాయంత్రం మీ అక్షరాల్ని నేనే గీకేద్దామని కూరగాయల కత్తి తీసుకున్నాను. వాళ్ల మద్యం బల్లల పైన మీరు అలంకారంగా వేలాడటం నేను చూడలేను. గ్రేసి ఫోన్లో, మమ్మా, పోలీసు కేసవుతుంది లా, వదిలేయి అని ఈ ఊరి 'లా' తగిలించి మొత్తుకుంది. వినకుండా కిటికీలోంచి వంగాను. ఉప్పు నీళ్లకే లొంగనిది నా కత్తికి లొంగుతుందా? ఒక్క పెచ్చు కూడా రాలేదు.

గీకుతూ గీకుతూ చదివాను... ఇన్నేళ్లూ దాన్ని చూశానే గాని, చదవనే లేదేమో. తిన్నారా? పైకి రండి.

కత్తి లోపల పెట్టేశాను.

ఆదివారం కుర్రాళ్లకి కబురు చెప్పాను. వాళ్లలో సగం మంది తల వంచుకున్నారు. ఇక ఎక్కడ కలుస్తాం అక్కా అన్నారు. గ్రేసి ఇంట్లో హాలు ఇస్తానంది, అన్నం అక్కడే వండుతాను. అంత దూరం రాలేమన్న వాళ్లని మీరైతే బుజ్జగించేవారు. నేను గద్దించాను. గద్దించి, ఇంకో ముద్ద వడ్డించాను. ఎవరి దారి వారిది.

కానీ మీ అక్షరాల సంగతి నేను వదలను.

వాటిని చెరిపితే నాకు పని ఉండేది కాదు. వాళ్లు ఉంచుకున్నారు. అద్దం బిగించి, లైటేసి మరీ ఉంచుకుంటున్నారు. రాత ఉంచుకున్నవాడు మాట కూడా ఉంచుకోవాలి. అవునా, కాదా?

కాబట్టి వినండి. ఆ హోటల్ తలుపులు తెరిచిన మొదటి ఆదివారం, హౌగాంగ్ నుంచి రైలెక్కి వస్తాను. కుర్రాళ్లందర్నీ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని రమ్మంటాను. గోడ కింద నిలబెట్టి, నా గొంతెత్తి మీరు రాసింది చదువుతాను, ఇంగ్లీషులో కూడా. గైడు ఉంటే వాడికీ మంచిదే. తర్వాత మెట్లెక్కుతాం. ముందు నేను, వెనక వాళ్లు.

మిమ్మల్ని ఎవరు పిలిచారని అడుగుతారు కదా...

గోడ చూపిస్తాను.

మీ
రూతు