మన గుమ్మం దాటిపోయిన పాటల గుంపు

రాహేలూ,

నా వంకర రాత చూసి నవ్వితే నవ్వు గానీ, ఈ సంగతి నీకు చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు. నువ్వు పోయాక ఇదే మొదటి క్రిస్మస్. తెల్లవారుజామున మన గుడి పాటల గుంపు పెట్రోమాక్స్ లైటు పట్టుకుని రేపల్లెలో మన పేటంతా తిరిగింది. మన గుమ్మం దగ్గరికొచ్చేసరికి డప్పు ఆపేసి, తలలు వంచుకుని దాటిపోయింది!

పంచె ఎగగట్టి వెంటబడ్డాను.

"ఏరా, మా ఇల్లు కనపడలేదా?"

"పెద్దమ్మ పోయి ఏడాది తిరగలేదు కదా పెదనాన్నా, చావు జరిగిన ఇంటి ముందు డప్పేంటని..." అని నసిగాడు డప్పు కొట్టే దావీదు.

"ప్రభువు దగ్గరికి పోయిందని సమాధి దగ్గర పాడింది మీరే కదరా! ఇప్పుడు అక్కడ లేదా ఏంటి?"

అందరూ వెనక్కొచ్చి పాడారు. ఏటా తలుపు చాటునుంచి నువ్వు అందుకునే చరణం దగ్గర అలవాటుగా ఆగారు. ఎవరూ అందుకోలేదు. నేనే అందుకున్నాను. నేను పాడితే గుడంతా ముసిముసిగా నవ్వుతుందని నువ్వే వేళాకోళం చేసేదానివి.

ఈసారి ఒక్క వెధవా నవ్వలేదు, రాహేలూ. నా మీద జాలిపడతారా?