వాగు గట్టు కానుగలు

జూలై 12, శనివారం. మనసు కుదుటపడక రాస్తున్నాను.

పెనుగంచిప్రోలు పొలంలో మిర్చికి చోటు పెంచాలని మా అబ్బాయి వాగు గట్టు మీది కానుగలు సగం కొట్టించి, అక్కడే తగలబెట్టించాడు. ఏటా మడిలో తొక్కితే మట్టికి బలమిచ్చే ఆకంతా పొగైపోయింది. సాయంత్రం వానకు బూడిద, గట్టు మట్టి వాగులోకి దిగాయి. కూలీలు తాగడానికి తవ్వుకునే చెలమలో బురద ఊరింది. వాగులో చేపపిల్లలు నోళ్లు తెరిచి పైకి తేలాయి.

"చూశావురా?" అన్నాను.

"చేపల కోసం చేను వదులుకోమంటావా అమ్మా? పాఠం అయిపోయింది, ఇక బెల్లు కొట్టు టీచరమ్మా!" అని నవ్వాడు.

పొలం ఇప్పుడు వాడి పేర ఉంది. నేను చెప్పగలనే గాని ఆపలేను. మిగిలిన చెట్లకు రేపు జేసీబీ వస్తుంది.

జరగవలసినవి:
1. జేసీబీ రాకూడదు.
2. కోసుకుపోయిన గట్టున వట్టివేరు నాటాలి.
3. ఈ రెంటికీ ముందు, వాడు నా మాట వినాలి.