నలభై రోజులు వాతావరణం ఊసెత్తను

అక్టోబర్ 6
నా జుల్హుమోర్‌కి వాతావరణ కేంద్రంలో ఉద్యోగం! ముప్పై ఏళ్ళు బస్సు తోలినవాడి కూతురికి! మూడు నెలలు పనితీరు చూసి పర్మనెంటు చేస్తారట. చాయ్‌ఖానాలో అందరికీ చెప్పాను. అక్కడికి రానివాళ్ళకి ఇళ్ళకెళ్ళి మరీ చెప్పాను. "ఈ వారం చుక్క వాన పడదంది మా అమ్మాయి" అని ఒక మాట కలిపాను కూడా. అమ్మాయి అనలేదు. ఆకాశం చూసి నేనే అన్నాను.

అక్టోబర్ 8
వాన. మిద్దెల మీద ఆరబెట్టిన ద్రాక్ష తడిసిపోయింది. ముగ్గురు కేంద్రానికెళ్ళి అమ్మాయి మీద విరుచుకుపడ్డారు. "మీ నాన్న ఇంకోసారి నీ పేరు చెప్పి వానలూ ఎండలూ పంచాడంటే నీకిక్కడ పని లేదు" అన్నాడట అధికారి.
సాయంత్రం అమ్మాయి నా చేతిలో రొట్టె పెట్టింది.
"దీని మీద ఒట్టెయ్యండి నాన్నా."
వేశాను. నలభై రోజులు వాతావరణం ఊసెత్తను. బస్సులో నలభై మంది నోరు మూయించినవాణ్ణి, నా ఒక్కడి నోరెంత!

అక్టోబర్ 9. మొదటి రోజు
ముప్పై మూడు డిగ్రీలు! అక్టోబర్లో! సోయిబ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. రొట్టెల భట్టీ వాడిది, నలభై ఏళ్ళ స్నేహం మాది.
"ఏమోయ్ మామాసోలీ, ఎండ మాడ్చేస్తోంది కదూ?"
"టీ బాగుంది" అన్నాను.
"చెమటలు కారుతున్నాయి నీకు."
"టీ వేడిగా ఉంది."
ఎంత తేలికో!

అక్టోబర్ 12
ముప్పై అయిదు. పాత రికార్డులన్నీ బద్దలని టీవీలో చెప్పారు. పక్కింటావిడ ఆప్రికాట్ చెట్టు మళ్ళీ పూసింది! ఎందుకు పూసిందని ఆవిడ అడిగితే "దాని ఇష్టం" అన్నాను. నాలుక కరుచుకున్నాను. నిజంగానే. నెత్తురొచ్చింది.

అక్టోబర్ 17
మూడు రోజులుగా ఎడతెగని వాన. గొడుగు పట్టుకెళ్ళమని సోయిబ్‌కి చేత్తో చూపించాను. చెయ్యి ఊపితే మాట్లాడినట్టా? కాదు.

అక్టోబర్ 20
అమ్మాయి పెట్టెలోంచి ఉన్ని మేజోళ్ళు తీసింది. నేనడగలేదు, తను చెప్పలేదు. కానీ నాకు కళ్ళున్నాయిగా. మంచు వస్తోంది!
మా దగ్గర ఓ ఆట ఉంది: తొలి మంచు రోజున ఎవరైనా చీటీ రాసి స్నేహితుడి చేతిలో పెడితే, తెలియక పుచ్చుకున్నవాడు విందు ఇవ్వాలి. ఇస్తూ దొరికిపోయినా, మంచు పడకుండానే ఇచ్చినా ఇచ్చినవాడి మొహానికి మసి, విందూ వాడి మెడకే. మూడేళ్ళుగా సోయిబే గెలుస్తున్నాడు. ఈసారి చూస్తాను!
రాయడం ఊసెత్తడం కాదు. రాసేశాను: "మంచు మాది, పలావు మీది. మాంసం కొవ్వు పట్టి ఉండాలి." పద్ధతిగా తేదీ కూడా వేశాను.

అక్టోబర్ 24
ఉదయం 6.10. వాకిలంతా తెలుపు! ఇంటి చెప్పులతోనే పరుగు. సోయిబ్ భట్టీలోకి వంగి రొట్టెలు అంటిస్తున్నాడు.
"మా ఆవిడ రొట్టెలు ఎన్ని కావాలో రాసిచ్చింది" అని చీటీ చాపాను.
తీసుకున్నాడు!
"తొలి మంచు పడిందహో! పలావు వండవోయ్!" అని వీధంతా వినిపించేలా అరిచాను. ఒట్టు ఎటు పోయిందో తెలియదు.
సోయిబ్ బయటికొచ్చి, ఒక తెల్ల గింజ ఏరి ఇనప పళ్ళెంలో వేశాడు. టంగుమంది.
"మంచు మోగుతుందటోయ్? ఇవి వడగళ్ళు!"
"మంచే!"
"అయితే పద, నీ కూతురి రిజిస్టరే చెబుతుంది."

9.00. కేంద్రం. అధికారి అక్కడే ఉన్నాడు. నేను అమ్మాయికి కన్ను గీటాను.
"ఆరింటికి చేత్తో తీసి చూశాను నాన్నా. వడగళ్ళే. రాసేశాను."
"కాస్త మెత్తగా లేవూ?"
"లేవు."
సోయిబ్ ఇచ్చిన నా చీటీని అధికారి తిప్పి చూశాడు. "తేదీ ఇరవై ఉందే! నాలుగు రోజుల ముందే మంచు కబురు మీకెవరిచ్చారు?"
అమ్మాయి మొహం పాలిపోయింది.
"మేజోళ్ళు చూసి నేనే ఊహించానండీ! ఆ పిల్ల పెదవి విప్పలేదు. తప్పు నాది. నన్ను ఏమన్నా అనండి. కన్నతండ్రి కన్ను గీటినా ఒక్క అక్షరం దిద్దలేదు, చూడండి!"
ఆయన రిజిస్టర్ వంక చాలాసేపు చూశాడు. పెదవులు బిగబట్టినా నవ్వు ఆగలేదు.
"దిద్దలేదు, నిజమే. ఇక మూడు నెలలు చూడాల్సిందేముంది? పర్మనెంటు కాగితాలు ఇవాళే పంపిస్తాను."
పర్మనెంటు! సోయిబ్ నా మొహానికి మసి పూస్తుంటే రెండో చెంప కూడా చూపించాను. అమ్మాయి నుదుట ముద్దుపెట్టుకున్నాను. తనకీ అంటింది.

అక్టోబర్ 26
మా ఇంట్లో విందు. ఇరవై మంది, పెద్ద పళ్ళెంలో పలావు, దానిమ్మ గింజలు. సగంలో ఉండగా తలుపు తీస్తే వాకిట్లో మంచు పడుతోంది. మెత్తగా, నిశ్శబ్దంగా. అందరి చేతులూ ఆగిపోయాయి. ఒక్కరూ "మంచు" అనలేదు. అమ్మాయి వైపే చూస్తున్నారు! తను స్కేలు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి వచ్చింది.
"మంచే. రెండు సెంటీమీటర్లు. ఇంత తొందరగా పడటం మా రిజిస్టర్లలో ఇదే మొదటిసారి."
నా కూతురు చెప్పాకే అందరూ నమ్మారు! కళ్ళనీళ్ళు ఆగలేదు.
"తుడుచుకోవోయ్" అని సోయిబ్ కాగితం అందించాడు. తుడుచుకున్నాను.
అది చీటీ.

అక్టోబర్ 27
వచ్చే ఆదివారం మళ్ళీ మా ఇంట్లోనే పలావు.
ఈసారి ఎవరూ ఒట్టు అడగలేదు. నాకు నేనే వేసుకున్నాను. నలభై రోజులు. వీధికి వాతావరణం చెప్పే మనిషి ఉంది, మధ్యలో నేనెందుకు?
ఉదయం 5.30. ఇంతవరకూ ఒక్క మాట జారలేదు. వీధిలో ఇంకా ఎవరూ లేవలేదు.